తిరిగొచ్చిన పెన్నులు

నరేందర్ పోయిన ఆరు నెలలకు అతను చేసిన కర్ర పెన్నులు తిరిగి రావడం మొదలైంది. మొదట మూడు వచ్చాయి. పది రోజులు గడవకముందే మరో ఎనిమిది.

ఆ కబురు ఫోన్లో చెప్పింది ప్రియదర్శిని. మాదాపూర్‌లో చేతిపనుల దుకాణం ఆమెది. విమానం దిగి వచ్చే అతిథులకు ఇవ్వడానికి కంపెనీలవాళ్లు ఆమె దగ్గర నరేందర్ పెన్నులు కొనేవాళ్లు. ఆ ఫోను వచ్చేసరికి నరేందర్ భార్య శోభ ఎయిర్‌పోర్టులో పొద్దుటి డ్యూటీ దిగి, యూనిఫాం మీదనే బస్సు కోసం నిలబడి ఉంది. లోపల నేల తుడిచే మిషన్ నడపడం ఆమె పని. పదకొండేళ్లుగా అదే పని.

"ఈ మాట మీకు చెప్పాలంటే నాకే ఏదోలా ఉందండీ శోభగారూ," అంది ప్రియదర్శిని. "పెన్నులు లూజైపోతున్నాయంటున్నారు. తిప్పితే లోపల మర ఊరికే తిరుగుతోందట, రీఫిల్లు బయటికి రావట్లేదట. కొన్నిటికి పైసగం ఊడి చేతిలోకి వచ్చేస్తోందట. మీరేం చెయ్యక్కర్లేదు. నేను వాళ్లకి సర్దిచెప్పుకుంటాను. మీకు తెలియాలని చెప్పానంతే."

శోభ అంది: "సర్దిచెప్పుడొద్దు మేడం. పంపియ్యిండ్రి. నేను బాగ చేసి ఇస్త."

"మీకు వచ్చాండీ ఆ పని?"

"రాదు. నేర్చుకుంట."

శోభది బుద్వేల్. పందొమ్మిదేళ్లకు నరేందర్‌ను చేసుకుని శంషాబాద్ వచ్చింది. అప్పట్లో అతను జల్‌పల్లిలో కుర్మయ్య అనే ఉస్తాద్ దగ్గర ఖరాదు పనిలో ఉండేవాడు. కర్రను మిషన్‌కు బిగించి గిరగిరా తిప్పుతూ, ఉలి ఆనించి నున్నగా గుండ్రంగా తీసే పని అది. మంచం కోళ్లు, ఊయల కర్రలు, మెట్ల పక్క కటకటాలు తిప్పేవాడు. జనం షోరూముల్లో మంచాలు కొనడం మొదలయ్యాక ఆ పని సన్నగిల్లింది. నరేందర్ ఒక చిన్న మిషన్ కొనుక్కొచ్చి ఇంటి ముందు రేకుల షెడ్డులో పెట్టుకుని పెన్నుల్లోకి దిగాడు. రోడ్లు వెడల్పు చేసేటప్పుడు, కాలనీలు లేచేటప్పుడు ఎక్కడ పాత ఇల్లు కూలగొడుతున్నా వెళ్లి దర్వాజలు, దూలాలు అడిగి తెచ్చుకునేవాడు. "యాభై ఏండ్లు గాలి తాగిన కర్ర. ఇగ అటు వంగదు, ఇటు వంగదు," అనేవాడు. సాయంత్రాలు శోభ గరుకు కాగితంతో రుద్ది, పాలిష్ పట్టేది. వాళ్లకు పిల్లలు కలగలేదు. ఆ సంగతి ఇద్దరూ ఎవరి ముందూ ఎత్తేవారు కాదు. ఇంట్లో మూడో మనిషి నరేందర్ తల్లి ముత్తమ్మ.

రెండు వేల ఇరవై మూడులో, హోలీకి నాలుగు రోజుల ముందు, నరేందర్ ఇంటి గేటు దగ్గర ఉన్నపాటున కూలబడ్డాడు. శోభ దవాఖానకు తీసుకుపోయింది. నరాల జబ్బు అన్నారు. చేతులతో మొదలై కాళ్లు, మాట, మింగుడు, చివరికి ఊపిరి దాకా వస్తుందని, దీనికి మందు లేదని చెప్పారు. చేతులు ఎన్నాళ్ల నుంచి ఇట్లా ఉన్నాయని డాక్టర్ అడిగితే, "నెల రోజులైంది సార్," అన్నాడు నరేందర్. పక్కనే కూర్చున్న శోభ తల ఊపింది. ఆ డిసెంబర్‌లోనే అతను పోయాడు.

అప్పటి నుంచి షెడ్డు తలుపు తీయలేదు. ప్రియదర్శిని పంపిన పార్సిల్ వచ్చిన తర్వాతి వారాంతపు సెలవునాడు శోభ తాళం తీసింది. మిషన్ మీద సాలీడు గూడు కట్టింది. మూలన కర్రపొట్టు అట్లాగే కుప్పగా ఉంది. ఆమె పొట్టు ఊడవలేదు, గూడు దులపలేదు. స్టూలు మీద కూర్చుని మొదటి పెన్ను చేతిలోకి తీసుకుంది.

పెన్ను అంటే రెండు కర్ర ముక్కలు. ఒక్కొక్కదాని నడుమ రంధ్రం, ఆ రంధ్రంలో జిగురుతో అతికిన ఇత్తడి గొట్టం. కింది ముక్క గొట్టంలోకి మరను బిగుతుగా దించుతారు. ఆ మర మీదికి పైముక్క జారి కూర్చుంటుంది. పైముక్కను తిప్పితే మర తిరిగి రీఫిల్లును బయటికి తోస్తుంది. మరకూ గొట్టానికీ మధ్య వెంట్రుకంత సందు వచ్చినా అంతా వదులే. ఇంతవరకు శోభకు చూసి చూసి తెలుసు.

పైముక్క లాగగానే మర నడుము మీద సూదితో గీసిన అంకెలు కనబడ్డాయి: 9-22. తొమ్మిదో నెల, ఇరవై రెండో సంవత్సరం. నరేందర్ ప్రతి పెన్నుకూ అట్లా గీసేవాడు. "రేపు తిరిగొస్తే, ఎప్పుడు చేసిందో ఎరుకైతె తప్పెక్కడుందో ఎరుకైతది," అనేవాడు. తిరిగి రావడం మాత్రం అతను బతికుండగా ఎన్నడూ జరగలేదు.

శోభ సన్న ఇనుప చువ్వతో మరను బయటికి తట్టి, దాని చుట్టూ జిగురు పూసి మళ్లీ నొక్కింది. మర్నాటికి పెన్ను బిగిసింది. మరీ బిగిసింది. జిగురు మర లోపలికి కారి, ఇటు తిప్పినా అటు తిప్పినా కదలకుండా అయింది. ముత్తమ్మ గడప మీద నిలబడి చూసి, "పాడైందా బిడ్డా?" అంది. శోభ అవునంది. అతను చేసిన వస్తువు, ఇక మళ్లీ చేయలేని వస్తువు, తన చేతుల్లో చెడింది.

తర్వాతి సెలవునాడు పదకొండు పెన్నులూ సంచిలో వేసుకుని మామిడిపల్లి మీదుగా జల్‌పల్లి పోయింది.

కుర్మయ్యకు డెబ్బై దాటాయి. ఇప్పుడు పెద్ద పని చేయడం లేదు గానీ రోజూ కార్ఖానాకు వచ్చి కూర్చుంటాడు. శోభను చూసి లేచి, బెంచీ మీద పొట్టు తువ్వాలతో తుడిచి కూర్చోమన్నాడు. ఆమె చెప్పినదంతా విన్నాడు. కంటికి భూతద్దం పెట్టుకుని ఒక పెన్ను గొట్టంలోకి చాలాసేపు చూశాడు. ఇంకొకటి చూశాడు.

"గొట్టం మూతి చూసినవా బిడ్డా? గుండ్రంగ లేదు. కోడిగుడ్డు లెక్కయింది."

"గట్లెందుకైతది కాకా?"

"కర్రకు అతికేటప్పుడు గొట్టంలకు జిగురు కారుతది. ఎండినంక సన్న ఆకురాయితోని గీకి తియ్యాలె. చెయ్యి నిలకడగుంటె జిగురే పోతది. చెయ్యి వణికితె ఇత్తడి గూడ పోతది." ఆ మాట అని కుర్మయ్య టక్కున ఆగిపోయాడు. అనకూడనిది అన్నవాడిలా భూతద్దం తీసి కింద పెట్టాడు.

శోభ పదకొండు పెన్నుల పైముక్కలూ లాగింది. అంకెల వరసన బెంచీ మీద పేర్చింది. అన్నిటికంటే ముందుది 7-22. ఏడో నెల. అంతకుముందు చేసినది ఒక్కటి కూడా తిరిగి రాలేదు. ఏడో నెల అంటే ఆయన గేటు దగ్గర పడిపోవడానికి ఎనిమిది నెలల ముందు.

"కాకా, ఆయన చేతులు గట్లయినయని నీకు ఎరుకేనా?"

పక్క షెడ్డులో రంపం మిషన్ ఆగేదాకా ఆగి, అప్పుడన్నాడు ముసలాయన.

"ఎరుకే బిడ్డా. శ్రావణ మాసంల వచ్చిండు. 'ఉస్తాద్, బొటనవేలు నా మాట ఇంటలేదు' అన్నడు. దవాఖానకు పొమ్మన్న. పోయిండు. ఒక్కడే పోయిండు. డాక్టర్ జబ్బు పేరు చెప్పిండట, తగ్గేది కాదన్నడట. గక్కడికెల్లి సీదా నా తానికే వచ్చిండు. శోభకు చెప్పకు ఉస్తాద్ అని నా చెయ్యి పట్టుకున్నడు. గట్టిగనే పట్టుకున్ననని అనుకున్నడు. నాకు ఆ పట్టే తెల్వలె."

శోభకు డాక్టర్ గది గుర్తొచ్చింది. నెల రోజులైంది సార్ అని, కళ్లు తిప్పకుండా చెప్పిన మనిషి గుర్తొచ్చాడు.

"ఎనిమిది నెలలు కాకా," అంది. "ఎనిమిది నెలలు నేను ఆయనతోని కొట్లాడిన. స్కూటర్ తియ్యవు, బద్ధకమైందని తిట్టిన. గుండీల అంగీలు మానేసి టీషర్టులు ఏసుకుంటుంటె పోరగాని లెక్క తయారైతున్నవని నవ్విన. గివన్నీ నువ్వు చూసుకుంట కూసున్నవా?"

"తిట్టు బిడ్డా. నన్ను గూడ తిట్టు. వాడు ఒట్టు పెట్టుకున్నడు. నేను ఒట్టు నిలబెట్టిన గని, మంచి చేసిన్నా చెడ్డ చేసిన్నా అని గప్పటిసంది ఒక్క దినం నిమ్మలంగ లేను."

తిట్టాలనే వచ్చింది ఆమెకు. కానీ ముసలాయన మెడ వంగిపోయి, తువ్వాలను వేళ్లకు చుట్టుకుంటూ విప్పుకుంటూ కూర్చుంటే ఇంకేం అనలేకపోయింది. ముందే తెలిసి ఉంటే బతికేవాడా అంటే, అదీ లేదు. ఎన్నడొచ్చినా ఇంతే అని డాక్టర్ అప్పుడే చెప్పాడు. కాపాడే అవకాశం పోయిందని కాదు ఆమె బాధ. ఆ ఎనిమిది నెలలు అతను ఒక్కడే మోశాడు. ఆమె పక్కనే ఉండి కూడా లేనిదయింది.

శోభ కళ్లు తుడుచుకుని, "చెప్పు కాకా. ఇవి ఎట్ల బాగ చెయ్యాలె?" అంది.

కుర్మయ్య చూపించాడు. మరకు జిగురు పూయకూడదు. గొట్టం మూతి లోపల, అగ్గిపుల్ల మొనతో, చూపుకు ఆనీ ఆననంత రాయాలి. మూతి మరీ సాగి ఉంటే జిగురులో ముంచిన పట్టుదారం ఒక్క చుట్టు వేయాలి, రెండు చుట్లు వేస్తే కర్ర పగులుతుంది. మరను తిన్నగా నిలబెట్టి, పిడి తిప్పితే రెండు పలకలు దగ్గరికొచ్చి బిగించే వైసులో, పలకలకు చెక్క అడ్డంపెట్టి, కొద్దికొద్దిగా దించాలి. రెండు ట్యూబుల్లో వచ్చే జిగురు కలిపి రాస్తే ఒక దినమంతా ముట్టుకోకూడదు. పైముక్కకు మాత్రం జిగురు పనికిరాదు. అది అతుక్కుంటే రీఫిల్లు మార్చడానికి రాదు. దానికి మర మీద గోళ్ల రంగు పలచగా ఒక పూత వేసి, ఆరాక ఎక్కించాలి.

"గోళ్ల రంగా?" అంది శోభ.

"ఆడోళ్లు పెట్టుకునేదే. రంగు లేనిది తెచ్చుకో. నలభై ఏండ్ల పనిల గంత మంచి మందు నాకు ఇంకోటి దొరకలె."

మొదటి పెన్ను ఆయన చేశాడు. రెండోది ఆమె చేతికిచ్చి తను తల పక్కకు తిప్పుకున్నాడు, చూస్తే ఆమె తడబడుతుందని. వైసు పిడి పట్టుకోగానే శోభ చేతులు వాటంతట అవే పని తెలిసినట్టు కదిలాయి. పావు చుట్టు తిప్పి ఆగింది. రీఫిల్లు మొన ఎంత బయటికి వచ్చిందో చూసింది. మళ్లీ పావు చుట్టు. కుర్మయ్య ఓరకంట అది చూసి, "నీకు నేర్పేదేముంది?" అన్నాడు. మెచ్చుకోవడానికి అన్నాడనుకుంది ఆమె.

దసరా దాకా పెన్నులు వస్తూనే ఉన్నాయి. మొత్తం ఇరవై మూడు. డ్యూటీ దిగి వచ్చి, ముత్తమ్మ ఇచ్చిన టీ తాగి షెడ్డులో కూర్చునేది. ఒక్కో పెన్ను విప్పినప్పుడు అంకె చూసేది. బతుకమ్మ పండుగ నెలలో చేసినది ఒకటి. ఆ పండుగకు అతను పూల గంప ఎత్తుకోలేదని ఆమె అలిగింది. దీపావళికి ముందుది ఒకటి. అప్పుడు చాయ్ గ్లాసు చేజారి పగిలితే నరేందర్ నవ్వి, గ్లాసుదే తప్పన్నట్టు మాట్లాడాడు. నెల నెలకూ గొట్టాల మూతులు మరింత సాగి కనిపించేవి. ఒకదానికి దారం సరిపోక సన్న ఇత్తడి రేకు చుట్టాల్సి వచ్చింది. అతను నోటితో చెప్పని జబ్బంతా ఆ గొట్టాల్లో రాసిపెట్టినట్టే ఉంది. చదువుతూ పని చేసేది. కొన్నిసార్లు చదవలేక, పని ఆపి బయటికి వచ్చి నిలబడేది. పైన విమానం దిగుతూ ఉంటే అది ఇళ్ల చాటుకు పోయేదాకా చూసి మళ్లీ లోపలికి వెళ్లేది.

మాదాపూర్ దుకాణానికి పోయినవి కాక ఊళ్లో కొన్నవాళ్లూ నలుగురైదుగురు ఉన్నారు. వాళ్లు మొహమాటానికి తిరిగి తేలేదేమోనని, వాళ్లవి కూడా తనే అడిగి బాగు చేయాలనుకుంది. అట్లా సత్తయ్య దగ్గరికి వెళ్లింది. రిజిస్ట్రేషన్ ఆఫీసు ఎదురుగా బల్ల వేసుకుని దస్తావేజులు రాస్తాడాయన. ఇప్పుడు కంప్యూటర్ పెట్టుకున్నా చిత్తు ప్రతి మాత్రం చేత్తోనే రాస్తాడు.

"ఏమైంది దీనికి? మంచిగుంది," అన్నాడు సత్తయ్య, జేబులోంచి పెన్ను తీసి. "దినాం వందసార్లు తిప్పుత. నీ పెనిమిటి చేతి పని అక్కా, గట్లెట్ల లూజైతది?"

చింత చేవ పెన్ను అది. శోభ తిప్పి చూసింది. బిగుతుగా, మెత్తగా తిరిగింది. పైముక్క లాగింది. 12-22 అని ఉంది. పన్నెండో నెల. అప్పటికి నరేందర్ చేతులు ఎంత చెడి ఉండాలో ఆమెకు ఇప్పుడు లెక్క తెలుసు. ఆ చేతులతో ఇంత బిగువు రావడానికి లేదు.

కర్ర మీద కత్తితో గీసినట్టు ఒక నల్లటి చార ఉంది. ఆ చారను చూస్తూ ఉండగా గుర్తొచ్చింది. ఆనాడు పొయ్యి మీద అన్నం ఉడుకుతోంది. షెడ్డులోంచి నరేందర్ పిలిచాడు. "శోభా, జర ఈ గొట్టం గీకిపెట్టు. నా కండ్లకు ఆనుతలేదు." గీకింది. "ఇగ వైసుల పెట్టి నువ్వే నొక్కు. ఉరకకు. పావు చుట్టు. ఆగు. మొన ఎంతొచ్చిందో చూడు. మల్ల పావు చుట్టు." అన్నం మాడుతుందని ఆమె విసుక్కుంది. "నువ్వు నొక్కరాదూ, నాకెందుకు చెప్తవు?" అంది. "నువ్వు నొక్కితె నిలవడతది," అన్నాడు. ముద్దు చేస్తున్నాడనుకుంది. ఆ తర్వాత వారానికి మూడు నాలుగు సార్లు పిలిచేవాడు. ఒకసారి కళ్లు ఆనడం లేదనేవాడు, ఒకసారి చేతికి నూనె అంటిందనేవాడు. హోలీ దాకా అదే తంతు.

శోభ సత్తయ్య బల్ల పక్కన కుర్చీలో కూర్చుండిపోయింది. తిరిగొచ్చిన ఇరవై మూడింటి మీద అంకెలు ఒక్కొక్కటే తలచుకుంది. ఏడు, ఎనిమిది, తొమ్మిది, పది, పదకొండు. పన్నెండో నెలది లేదు. ఆ తర్వాతి రెండు నెలలవీ లేవు. ఎక్కడ మొదలయ్యాయో మొదటినాడే చూసింది గానీ, ఎక్కడ ఆగాయో ఇంతవరకు చూడలేదు.

"నీళ్లు తాగుతవా అక్కా?" అన్నాడు సత్తయ్య గాబరాపడి.

"వద్దన్నా. పెన్ను మంచిగనే ఉంది," అని అతని చేతికిచ్చి లేచింది.

ఇంటికి వచ్చి ముత్తమ్మ పక్కన కూర్చుని అంతా చెప్పింది. కుర్మయ్య చెప్పినది కూడా ఇన్నాళ్లూ దాచింది, అదీ చెప్పింది. ముత్తమ్మ చాటలో బియ్యం అట్లాగే పట్టుకుని విన్నది.

"నాకు గూడ చెప్పలె బిడ్డా," అంది చివరికి. "కన్నదాన్ని, నాకు గూడ చెప్పలె. వాడు చిన్నప్పుడు కాల్ల ముల్లు ఇరిగితె కుంటకుండ నడిసెటోడు. నేను చూస్తె ఏడుస్తనని."

"నేను ఏడ్చేదాన్నే అత్తమ్మా. ఏడిస్తె ఏమైతుండె? ఇద్దరం ఏడుద్దుము. పని అంత ఓపికగ నేర్పినోడు, ఒక్క మాట చెప్పనీకె నోరు రాలేదా?"

ముత్తమ్మ కోడలి వీపు మీద చేయి వేసింది. కొడుకు పోయిన నాటి నుంచి ఎవరి గదిలో వాళ్లు ఏడ్చుకున్న ఆ ఇద్దరూ ఆ సాయంత్రం ఒకే చోట కూర్చుని ఏడ్చారు.

నరేందర్ మీద కోపం శోభకు పూర్తిగా పోలేదు. ఇప్పటికీ ఉందని ఆమె దాచదు. కానీ ఆ వారమే మిషన్ మీద గూడు దులిపింది, మూలన పొట్టు ఎత్తి పారబోసింది. కుర్మయ్య రెండు సెలవు దినాలు వచ్చి ఉలి పట్టడం చూపించాడు. మొదటి రెండు ముక్కలు పగిలాయి. మూడోది ఒక పక్క సన్నమైంది. ఐదోది పెన్ను అయింది. ఎయిర్‌పోర్టు పని మానలేదు. సాయంత్రాలు ఒకటి, సెలవునాడు మూడు చేసేది. గరుకు కాగితం పని ముత్తమ్మ తీసుకుంది. కళ్లు సరిగా కనబడకపోయినా బొటనవేలితో తడిమి ఎక్కడ గరుకుందో చెప్పేది.

ఉగాది ముందు పన్నెండు పెన్నులు మాదాపూర్ పంపింది. ప్రియదర్శిని వాటిని తిప్పి, లాగి, మళ్లీ తిప్పి చూసి ఫోన్ చేసింది.

"చాలా బాగున్నాయండీ. పెట్టెలో చిన్న కార్డు పెడతాం కదా, చేసినవారి పేరు రాయాలి. నరేందర్‌గారి పేరే ఉంచమంటారా?"

శోభ చేతిలోని ఉలిని మిషన్ పక్కన పెట్టింది.

"ఆయన చేసినయి ఆయనవే మేడం. ఇవి నేను చేసిన. శోభ అని రాయిండ్రి. రేపు లూజైతె నన్ను అడగాలె గద."

ఫోన్ పెట్టేసి చూస్తే ముత్తమ్మ గరుకు కాగితం అరిగిపోయిందని, ఇంకో ముక్క చించి ఇమ్మని చేయి చాపి కూర్చుంది.